ఏ విల్లు మంచిదో తేలేదాకా బాణం వేయరాదు

ఏప్రిల్ రాగానే మా ఊరి విలువిద్య క్లబ్బు చేయాల్సిన పనులు ఇవి. మైదానంలో గడ్డి కోయించాలి. చలికాలమంతా గడ్డితో చుట్టిన గురి దిమ్మెల్లో కాపురం పెట్టిన ఎలుకలను మర్యాదగా సాగనంపాలి. ఎర్రజెండా తాడు మార్చాలి. నిరుడు పొదల్లో పోయిన బాణాలు వెతకాలి. టీ గదిలో కెటిల్ ప్లగ్గు బాగుచేయించాలి. బీమా కట్టాలి. ఎడ్నా ప్రీస్ గారి చేత మూడు బాణాలు వేయించాలి.

ఆగస్టు వచ్చేసరికి వీటిలో పూర్తయినవి బీమా, కెటిల్.

అంతమాత్రాన మమ్మల్ని సోమరులనుకుంటే పొరపాటే. ఆ నెలలన్నీ మాకు ఊపిరి సలపలేదు. లాంగ్‌బో మంచిదా, రికర్వ్ మంచిదా అన్నది తేల్చే పనిలో ఉన్నాం. తేలలేదు. తేలకపోవడమే ఇంగ్లండులోని మా ష్రాప్‌షైర్ జిల్లా విలువిద్యకు జరిగిన మహోపకారమని నా దృఢమైన అభిప్రాయం. ఎందుకో ఓపిగ్గా మనవి చేసుకుంటాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. లాంగ్‌బో అంటే మనిషంత పొడుగున్న నిటారు కర్ర. బాణాన్ని మన పిడికిలి మీదే ఆనించి వదలాలి. రికర్వ్ కాస్త పొట్టిది. దాని కొసలు రెండూ ముందుకు వంపు తిరిగి ఉంటాయి, బాణం ఆనడానికి చిన్న గూడు ఉంటుంది. రెండింటితోనూ బాణం ముందుకే వెళుతుంది. ఈ చివరి వాక్యం క్లబ్బులో అంటే ఇరుపక్షాలూ ఏకమై నన్ను వెలేస్తాయి.

నేను ఆ క్లబ్బు సెక్రటరీని. మా నాన్న క్వారీలో రాళ్లు కొట్టాడు. మా వంశంలో యూనివర్సిటీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. చదువుకున్నవాడు కాబట్టి అన్నీ పద్ధతిగా రాస్తాడని ఈ పదవి కట్టబెట్టారు. సెక్రటరీకి ఓటు లేదు. అందుకే నా అభిప్రాయం నిష్పక్షపాతమైనదని అందరూ ఒప్పుకుంటారు, ఎవరూ అడగరు.

లాంగ్‌బో పక్షానికి పెద్ద రోలాండ్ గఫ్. పాత సామాన్ల వేలంపాటలు నడిపి రిటైరయ్యాడు. ఆయన విల్లు యూ చెట్టు కర్రతో చేసింది, హాల్లో గోడకు వేలాడుతూ ఉంటుంది. రికర్వ్ పక్షానికి పెద్ద డెరిక్ బీమండ్. ఇళ్లలో బాయిలర్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఆయన విల్లు మూడు ముక్కలుగా విడిపోయి, వెల్వెట్ పరిచిన పెట్టెలో పడుకుంటుంది.

“విల్లన్నాక ఒకటే కర్ర ఉండాలి. ముక్కలు తెచ్చి బిగించుకుంటావేంటయ్యా, అదేమన్నా బాత్రూం పైపా?” అంటాడు రోలాండ్.

“నీది ఒకటే కర్ర. నిజమే. గోడ మీంచి దించితే వెనకాల చెమ్మ మరక కనబడుతుందని మీ ఆవిడ చెప్పింది. అందుకేగా దించవు” అంటాడు డెరిక్.

ఇలాంటి సంభాషణ ఏ ఊళ్లో దొరుకుతుంది చెప్పండి? వినడానికి టిక్కెట్టు పెట్టినా తప్పులేదు.

ఇప్పుడు ఈ చర్చవల్ల లోకానికి ఒరిగిన మేలు చూడండి. ఈ ఏడాది మా క్లబ్బులో ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. నారి కొట్టుకుని ముంజేయి కమిలిన దాఖలా లేదు. ఒక్క బాణం పోలేదు, ఒక్కటి విరగలేదు. గురి కాగితాలు కొన్న రోజు ఎంత కొత్తగా ఉన్నాయో ఇవాళా అంతే కొత్తగా ఉన్నాయి. ఇంత సురక్షితమైన విలువిద్య క్లబ్బు దేశంలో మరొకటుందా? ఉంటే వాళ్ల దగ్గర కూడా రెండు రకాల విళ్లు ఉండి ఉంటాయి.

పక్క పొలం రైతు ట్రాంటర్ గారి గొర్రెలు ఒకప్పుడు ఆదివారం వస్తే దూరపు కంచెకు అంటుకుపోయి నిలబడేవి. ఇప్పుడవి కంచె సందులోంచి దూరి వచ్చి, గురి స్టాండుల కాళ్ల దగ్గరే పడుకుని నెమరు వేస్తున్నాయి. మూగజీవాలకు ఇంత మనశ్శాంతినిచ్చిన ఆట ఇంకేది?

సంసారాలు కూడా బాగుపడ్డాయి. డెరిక్ భార్య మార్లీన్ నాతో స్వయంగా అన్న మాట ఇది: “ఆయన ఈ గొడవలో పడ్డాక మా ఇంటి బాయిలర్ జోలికి పోవట్లేదయ్యా. అప్పట్నుంచీ అది చక్కగా పనిచేస్తోంది.”

మే నెలలో ఒక యువజంట వచ్చింది. కొత్త బూట్లు, కొత్త ఉత్సాహం. ఏ విల్లుతో మొదలుపెట్టమంటారని అడిగారు పాపం. టీ వేళ అయ్యేసరికి ఐదొందల ఏళ్ల యుద్ధాల చరిత్ర, నాలుగు రకాల చెట్ల గుణగణాలు, చల్లటి వాతావరణంలో జిగురు ప్రవర్తన, అన్నీ వాళ్లకు తెలిసిపోయాయి. విల్లు తప్ప అన్నీ చూశారు. ఇప్పుడు వాళ్లు పక్క ఊళ్లో బ్యాడ్మింటన్ ఆడుతున్నారట, అన్యోన్యంగా ఉన్నారట. ఆ కాపురం నిలబెట్టింది ఎవరు?

ఇక ఎడ్నా ప్రీస్ గారి సంగతి.

ఆవిడ స్కూల్లో పిల్లలకు భోజనాలు వడ్డించి రిటైరయిన మనిషి. డెబ్బై దాటాయి. మా టీ గది ఆవిడ రాజ్యం. మేము బాణాలు వేసిన కాలంలో, అంటే చర్చ ముదరకముందు, ప్రతి ఆదివారం ఆవిడ సింకు దగ్గర నిలబడి కప్పులు కడిగేవారు. సింకు మీద కిటికీ మైదానం వైపు కాక కార్లు ఆపే చోటు వైపు ఉంటుంది. అంచేత ఇన్నేళ్లలో విలువిద్య అంటే ఆవిడకు వీపు వెనక వినిపించే చప్పుడే. నారి మోత, ఆ తర్వాత గడ్డిలో దిగిన బాణం దెబ్బ.

ఏప్రిల్ సమావేశంలో బిస్కెట్ల పళ్లెం బల్ల మీద పెట్టి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డారు.

“నా కుడిభుజం కీలు అరిగిపోయింది. సెప్టెంబర్లో అది తీసేసి కొత్తది పెడతారంట. ఆ తర్వాత ఇక బతికినంతకాలం విల్లు పట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఈలోపు తేలికది ఏదన్నా ఓ మూడుసార్లు లాగితే పరవాలేదన్నాడు. అడిగే వచ్చాను. మూడు బాణాలు వెయ్యనిస్తారా?”

ఎవరూ కాదనలేదు. గట్టిగా బల్ల చరిచి మరీ అవునన్నారు. కష్టమంతా అక్కడే మొదలైంది. ఎవరైనా కాదని ఉంటే ఆవిడ పక్క ఊరి విలువిద్య క్లబ్బుకు వెళ్లి, ఆ వారంలోనే పని ముగించుకుని వచ్చేవారు.

అవునన్న మరుక్షణం రోలాండ్ అన్నాడు, “లాంగ్‌బోతోనే.”

“ఆ భుజంతోనా? రికర్వ్ అయితే తక్కువ లాగినా బాణం ఎక్కువ దూరం పోతుంది” అన్నాడు డెరిక్.

ఇక్కడ మా క్లబ్బు రాజకీయం ఒకటి చెప్పాలి. ఓటున్న సభ్యులు సరిగ్గా సగం అటు, సగం ఇటు. విల్లు పట్టినవాళ్లకు ఓటొస్తుంది. ఎడ్నా గారు ఏ విల్లు పట్టుకుంటే ఆ పక్షానికి ఒక తల పెరుగుతుంది. ఒక్క తలతో కెప్టెన్ పదవి మారుతుంది. కాబట్టి ఆవిడ భుజం ఇక ఆవిడ సొంత విషయం కాకుండా పోయింది.

రోలాండ్ ఒక మధ్యాహ్నం టేపు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు. సాక్షిగా నన్ను తీసుకెళ్లాడు. చేతుల పొడుగు కొలిచాడు, ఎత్తు కొలిచాడు, కళ్లు మూయించి నడిపించాడు. ఇది ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

“మా బావమరిది దొడ్లో మంచి యూ కొమ్మ ఉంది. మీ కోసం కొట్టించేశాను” అన్నాడు.

“సంతోషం నాయనా. విల్లు ఎప్పటికవుతుంది?”

“కర్ర ఆరాలి కదండీ. మూడేళ్లు. నాలుగైతే ఇంకా మంచిది.”

“నా భుజం సెప్టెంబరు దాకానే ఆగుతుంది, రోలాండ్.”

“తొందరపడితే కర్ర చీలుతుందండీ” అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

ఆ మర్నాడు డెరిక్ ఆవిడ ఇంటికి వచ్చాడు. బల్ల నిండా బొమ్మల కేటలాగులు పరిచాడు. విల్లుకు రెక్కలు, అంటే పైనా కిందా బిగించే వంపు ముక్కలు, వేరుగా తెప్పించాలట. అవి ఎంత బరువు లాగేవి కావాలో ముందు తేలాలట.

“మరీ తేలికవి తీసుకుంటే తర్వాత మీ ఎదుగుదల ఆగిపోతుంది” అని హెచ్చరించాడు.

“నాకు డెబ్బై మూడు డెరిక్. ఇంకెక్కడికి ఎదగమంటావు?”

“అలా అనకండి. రికర్వ్‌లో వయసు లెక్కలోకి రాదు.”

మా షెడ్డులో, నేర్చుకునేవాళ్ల కోసం కొన్న తేలిక విళ్లు నాలుగు ఉన్నాయి. అవి సాలెగూళ్లతో సహా సిద్ధంగా ఉన్నాయి. జూన్లో ఒకరోజు ఎడ్నా గారు నన్ను పక్కకు పిలిచారు.

“అబ్బాయ్, ఆ షెడ్డు తాళం నీ దగ్గరేగా. అందులోంచి ఒకటి తీసియ్యి. గొడవుండదు.”

నేను పద్ధతి ప్రకారం ఇద్దరు పెద్దలనూ అడిగాను. మా క్లబ్బు చరిత్రలో మొదటిసారి ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ నాసిరకం విళ్లు ముట్టుకుంటే చెయ్యి పాడైపోతుందన్నాడు రోలాండ్. మొదట పాడైన చెయ్యిని సరిచేయడం బ్రహ్మతరం కాదన్నాడు డెరిక్.

ఆ చెయ్యి కీలు ఎలాగూ సెప్టెంబర్లో మార్చేస్తున్నారు కదా అని నేను వినయంగా గుర్తుచేశాను.

“ఇది సూత్రానికి సంబంధించిన విషయం” అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో. చర్చలు మనుషుల్ని విడదీస్తాయని ఎవరన్నారు?

ఎడ్నా గారు ఊరికే కూర్చోలేదు. ఆసుపత్రిలో వ్యాయామానికిచ్చిన రబ్బరు పట్టీ ఒకటుంది. కెటిల్ మరిగేలోపు దాన్ని ఎడమచేత్తో ముందుకు చాచి, కుడిచేత్తో దవడ దాకా లాగి, వదిలేవారు. మేము గోడకవతల ఏ చెట్టు గొప్పదో తేల్చుకుంటూ ఉండేవాళ్లం. జులై చివరికొచ్చేసరికి ఆవిడ పట్టీని దవడ దాకా లాగలేకపోతున్నారు. భుజం దగ్గరే ఆగిపోతోంది. నేను చూశాను. పద్ధతి ప్రకారం అది ఏ ఎజెండాలోనూ లేదు.

ఆవిడకు ఏ విల్లివ్వాలో ఓటింగు పెట్టారు. సమానం. మళ్లీ పెట్టారు. మళ్లీ సమానం. అప్పుడు మా పెద్దలకు ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది.

మా ఆటలో పాత ఆనవాయితీ ఒకటుంది. ఏటా జరిగే పెద్ద పోటీకి ఒక మహిళను లేడీ పారమౌంట్‌గా కూర్చోబెడతాం. పూలగుత్తి ఇస్తాం, నీడలో కుర్చీ వేస్తాం, బహుమతులు ఆవిడ చేతుల మీదుగా ఇప్పిస్తాం. ఆ రోజు మైదానంలో ఏ తగువు వచ్చినా ఆవిడ మాటే ఆఖరిది. అయితే నాకు తెలిసి ఏ లేడీ పారమౌంటూ ఏ తగువూ తీర్చలేదు. నవ్వుతూ కూర్చోవడమే పని. బాణం వేయడమన్నది ఆ హోదాలో అసలే లేదు.

“ఎడ్నా గారికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది?” అన్నాడు రోలాండ్. డెరిక్ చప్పట్లు కొట్టాడు. కబురు చెప్పే బాధ్యత చదువుకున్నవాడి మీద పడింది.

“అంటే నేనేం చెయ్యాలి?” అని అడిగారావిడ.

“కూర్చోవాలండి.”

“ఎంతసేపు?”

“సాయంత్రం దాకా.”

“మరి టీ ఎవరు పెడతారు?”

నేను కెటిల్ వైపు చూస్తూ అన్నాను. “అది కూడా మీరేనని వాళ్లు అనుకున్నారండి.”

ఆవిడ కప్పు తుడిచి బోర్లించారు. సరే వస్తానన్నారు.

పోటీ ఆగస్టు చివరి ఆదివారం. పక్క ఊళ్ల క్లబ్బులు రెండు వచ్చాయి. గడ్డి ఆ ఉదయమే కోయించాం, గొర్రెలను బతిమాలి పంపించాం. ఎడ్నా గారు కేకులు ముక్కలు కోసి, ఏప్రన్ విప్పి, పూలగుత్తి అందుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్ ఆ వచ్చే వారమే.

అనుకున్నట్టే బాణాలు వేసే గీత దగ్గర తగువు వచ్చింది. ముందు లాంగ్‌బో వాళ్లు వేయాలా, రికర్వ్ వాళ్లు వేయాలా? అతిథులు విళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. రోలాండ్, డెరిక్ ఒకరినొకరు పాతికేళ్లుగా తిట్టుకుంటున్న తిట్లే మళ్లీ తిట్టుకున్నారు. చివరికి అతిథుల్లో ఒకాయన విసిగి, “మీకు లేడీ పారమౌంట్ ఉందిగా, ఆవిణ్ణి అడగండి” అన్నాడు.

ఇద్దరూ ఆవిడ కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డారు. స్కూల్లో రెండోసారి పుడ్డింగ్ అడగడానికొచ్చిన పిల్లల్లా ఉన్నారు.

“నా మాటే ఆఖరిదా?” అన్నారు ఎడ్నా గారు.

“ఆఖరిదే.”

ఆవిడ నా వైపు తిరిగారు. “దాని మీద అప్పీలేమన్నా ఉందా, అబ్బాయ్?”

“లేదండి. రూల్స్‌లో అలాంటిదేమీ లేదు.”

“అయితే ముందు నేను వేస్తాను.”

రోలాండ్ గొంతు సవరించుకున్నాడు. “లేడీ పారమౌంట్ బాణం వెయ్యడమన్నది ఆనవాయితీలో లేదు, ఎడ్నా గారూ.”

“నేను వెయ్యొచ్చంటాను. నువ్వు వెయ్యకూడదంటావు. ఇది తగువేనా?”

“తగువే” అన్నాడు డెరిక్ తొందరపడి.

“తగువైతే తీర్పు నాదేగా.” పూలగుత్తి డెరిక్ చేతిలో పెట్టారు. “నలిపెయ్యకు.”

అతిథుల్లో ఒక సన్నటి అమ్మాయి ఉంది. ఎడ్నా గారు ఆ అమ్మాయి విల్లు చూసి, “ఇది తేలికదేనా తల్లీ? ఓసారి ఇస్తావా?” అని అడిగి తీసుకున్నారు. ఆ విల్లు ఏ రకమో నాకు తెలుసు. మీకు చెప్పను. చెబితే మీలో సగం మంది అటు, సగం మంది ఇటు లేచి నిలబడతారు.

రోలాండ్‌ను కుడివైపు, డెరిక్‌ను ఎడమవైపు నిలబడమన్నారు. “రోలాండ్, కాళ్లెక్కడ పెట్టాలో నువ్వు చెప్పు. డెరిక్, ఎప్పుడు వదలాలో నువ్వు చెప్పు. విల్లు గురించి మాత్రం ఇద్దరూ నోరెత్తొద్దు.”

మొదటి బాణం గురికి చాలా ముందే గడ్డిలో పడింది. రెండోది గురి మీదుగా పోయి కంచె దగ్గర దిగింది. రెండోసారి వదిలాక ఆవిడ మొహం తెల్లబడింది. రోలాండ్ చాలండి అన్నాడు, నిజంగా భయపడి. ఆవిడ తల అడ్డంగా ఊపారు. మూడోది లాగినప్పుడు నారి దవడ దాకా రాలేదు, సగంలోనే వదిలేశారు. అది ఊగుతూ పోయి స్టాండు కొయ్యకాలికి తగిలి కింద పడింది.

“ఎన్ని మార్కులు?” అని అడిగారు, చెయ్యి పొట్టకు అదుముకుంటూ.

“సున్నా అండి” అన్నాను.

“నా పేరు ఎదురుగా రాయి.” రాశాను. ఆవిడ నవ్వుతున్నారు. ఎవరి బాణాలు వాళ్లే వెతుక్కోవాలన్నది మా పద్ధతి కాబట్టి కంచె దగ్గర కోయకుండా వదిలేసిన గడ్డిలోకి తానే దిగి, నిదానంగా వెతుక్కుంటూ వెళ్లారు. పూలగుత్తితో డెరిక్, టోపీ చేత్తో పట్టుకుని రోలాండ్, ఆవిడ వెనకాలే.

ఇంతకుముందు నేను ఈ చర్చను మెచ్చుకున్నానే, దానికి కట్టుబడే ఉన్నాను. అయితే అసలు మేలు ఏమిటో ఆ గడ్డి పక్కన నిలబడ్డప్పుడే నాకు అర్థమైంది. వాదిస్తున్నంతసేపు ఎవరి బాణమూ గురి తప్పదు. ఎప్పుడో నలుగురి ఎదుట బాణం వేసిన రోలాండ్ చేతులు ఇప్పుడు వణుకుతాయి. డెరిక్‌కు గురిలో రంగులు కలిసిపోయి కనిపిస్తాయి. మాలో ఎవరికీ ఇది తెలియనిది కాదు. ఏ విల్లో తేల్చుకోలేక ఆగిపోయామంటే గౌరవంగా ఉంటుంది. వేసి తప్పితే, గడ్డిలోకి వంగి వెతుక్కోవాలి, అందరూ చూస్తుండగా. ఆ ఒక్క అవమానం తప్పించుకోవడానికి మేము ఒక మనిషికి మిగిలిన వేసవినంతా ఖర్చుపెట్టేశాం. వేసవి మాది కాదు కూడా.

ఆ రోజు ఆవిడ తర్వాత రోలాండ్ వేశాడు, తప్పింది. డెరిక్ వేశాడు, ఒక్కటి అంచున తగిలింది, మిగతావి తప్పాయి. ఎవరూ నవ్వలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎడ్నా గారు ఇప్పుడు కప్పులు ఎడమచేత్తో ఎత్తుతున్నారు. డాక్టరు చెప్పినట్టే ఇక విల్లు ముట్టుకోరు. క్లబ్బులో మాత్రం కొత్త సమస్య వచ్చింది. ఆ సున్నాను లాంగ్‌బో లెక్కలో వేయాలా, రికర్వ్ లెక్కలో వేయాలా? అటు సగం, ఇటు సగం. తీర్మానం ఎలా రాయాలో సలహా చెప్పమని నన్ను అడిగారు.

నా దగ్గర సలహా లేదు. మీకొక మనవి మాత్రం ఉంది. ఆవిడ పేరు ఎడ్నా ప్రీస్. మూడు బాణాలు వేశారు, మూడూ గురి తప్పాయి. ఆవిణ్ణి అలాగే గుర్తుపెట్టుకోండి.